మూడు నెలల లాన్ ప్యాకేజీ: గరిక పెరిగింది, పిల్లిపెసర పోయింది

సైనిక్‌పురిలో మా ఇంటి ముందు రెండు వందల గజాల జాగా ఉంది. దాన్ని లాన్ అనడానికి నాకే మొహమాటం. ఎర్ర నేల, కాస్త తవ్వితే రాయి. పాతికేళ్ళుగా వానకు ఏది మొలిస్తే అదే ఉంటోంది. గరిక ఎక్కువ, దాని సందుల్లో పిల్లిపెసర, విష్ణుక్రాంత, గడ్డి చేమంతి, నేల ఉసిరి, అక్కడక్కడా తుంగ. జూన్‌లో మా అల్లుడు వచ్చి, "అత్తయ్యా, ఇది ఇంటి ముందు తోటలా లేదు, అమ్మకానికి పెట్టిన ప్లాటులా ఉంది" అన్నాడు. నా పుట్టినరోజు వంకతో ఒక లాన్ కేర్ కంపెనీకి మూడు నెలల ప్యాకేజీ కట్టేశాడు కూడా. 5,400 రూపాయలు. కంపెనీ పేరు రాయను. ఇలాగే పనిచేసేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు కాబట్టి పేరు లేకపోయినా ఈ రివ్యూ పనికొస్తుంది.

ముందు మంచి చెప్తాను. చెప్పిన రోజు, చెప్పిన టైముకు వచ్చారు. పదిహేను రోజులకోసారి ఇద్దరు కుర్రాళ్ళు, సొంత మిషన్, సొంత పెట్రోలు. కోసిన గడ్డి ఎత్తి, గేటు దగ్గర ఊడ్చి మరీ వెళ్ళారు. హైదరాబాద్‌లో పనివాళ్ళ కోసం ఫోన్లు చేసి చేసి విసిగినవాళ్ళకు ఇదెంత గొప్పో తెలుసు.

తేడా ఎరువు దగ్గర వచ్చింది. మొదటి రోజే ఒక సంచి దింపారు. మీద నత్రజని 20, భాస్వరం 5, పొటాష్ 5 అని ఉంది. "మట్టి పరీక్ష చేశారా బాబూ?" అంటే ఆ అబ్బాయి నవ్వి, "అందరికీ ఇదే మేడమ్. పదిహేను రోజుల్ల చూడుండ్రి, కార్పెట్ లెక్క అయితది" అన్నాడు. నేను ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పిన మనిషిని. చేయి ఊరుకోదు కదా. సంపు పక్కన ఆరడుగుల పట్టీకి మాత్రం ఎరువు వేయొద్దన్నాను. కోత, నీళ్ళు అన్నిటికీ ఒకటే. అదే రోజు, ఎరువు పడకముందే, మట్టి కూడా తీశాను. ఎనిమిది చోట్ల వి ఆకారంలో జానెడు లోతు గుంట చేసి, పక్క నుంచి పలుచని పొర గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకు తెచ్చి ల్యాబ్‌కు పంపాను.

రిపోర్టులో మట్టి పులుపును చెప్పే పీహెచ్ 7.1, నత్రజని తక్కువ, భాస్వరం ఎక్కువ, పొటాష్ మధ్యస్థం అని వచ్చింది. భాస్వరం నా పుణ్యమే. ఏళ్ళ తరబడి ఎముకల పొడి చల్లాను. అంటే ఆ సంచిలో భాస్వరానికి పెట్టిన డబ్బు దండగ. నత్రజని సంగతి వేరే.

నా జాగాలో పిల్లిపెసర అంత బాగా ఉండటానికి కారణమే నత్రజని లేకపోవడం. దాని వేళ్ళ బొడిపెల్లో రైజోబియం అనే బాక్టీరియా ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చి, బదులుగా చక్కెర తీసుకుంటుంది. పేద నేలలో గరిక ఆకలితో ఉంటే పిల్లిపెసర ఇంట్లో వండుకున్నట్టు తింటుంది. సంచి విప్పి చల్లగానే గరికకు పెళ్ళి భోజనం దొరికింది. జులై వానలకు కోతకూ కోతకూ మధ్యే పిక్కల దాకా లేచింది. ఇక పోటీ మట్టిలో కాదు, వెలుతురు దగ్గర. నేలను అంటిపెట్టుకుని పాకే విష్ణుక్రాంతకు ఎండ అందలేదు. జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2009లో ప్రచురించిన ప్రయోగం గుర్తొచ్చింది. ఎరువు వేసిన గడ్డి కింద ట్యూబులైట్లు పెడితే చిన్న మొక్కలు చాలావరకు నిలబడ్డాయి. మా ఇంట్లో అంత కరెంటు కాల్చలేను లెండి.

కరెంటు పైపు ముక్కలతో ఒక మీటరు చదరం చట్రం చేసుకుని లెక్కపెట్టాను. జూన్‌లో ఒక చోట 11 రకాలు. అక్టోబరులో అదే చోట 4: గరిక, తుంగ, నేల ఉసిరి, బక్కచిక్కిన ఒక్క గడ్డి చేమంతి. సంపు పక్క పట్టీలో పెడితే 10. ఇది పరిశోధన కాదు, రిటైరైన ఆవిడ కాలక్షేపం. ఒక్క చట్రంతో ఏదీ రుజువు కాదని నా స్టూడెంట్లకు నేనే చెప్పేదాన్ని. కానీ రెండు వైపులకూ తేడా గేటు దగ్గర నిలబడి చూసినా తెలుస్తోంది. పొద్దున పూట పిల్లిపెసర మీద తిరిగే చిన్న నీలి సీతాకోకలు ఇప్పుడు సంపు వైపే కనిపిస్తున్నాయి.

ఇందులో కొత్తేమీ లేదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ దగ్గర లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు 1856లో ఒక పచ్చికను మడులుగా విడగొట్టి తలో రకం ఎరువు వేశారు. వాళ్ళకు కావలసింది ఎండుగడ్డి దిగుబడి. కొన్నేళ్ళలోనే ఒక్కో మడి ఒక్కో విత్తనం వేసినట్టు మారిపోయింది. భాస్వరం, పొటాష్ మాత్రమే వేసినచోట చిక్కుడు జాతి మొక్కలు, అంటే మా పిల్లిపెసర చుట్టాలు, పెరిగాయి. నత్రజని దండిగా పడినచోట గడ్డి దిగుబడి పెరిగి, రకాలు తగ్గాయి. అమ్మోనియం సల్ఫేటు మడుల్లో మట్టి పుల్లబడి, చివరికి రెండు మూడు రకాలే మిగిలినవీ ఉన్నాయి. ఆ ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. మా మట్టి మాత్రం పుల్లబడలేదు. అక్టోబరులో మళ్ళీ పరీక్ష చేయిస్తే పీహెచ్ దాదాపు అంతే ఉంది. కాబట్టి మా ఇంట్లో నేరం నీడదే అని నా అనుమానం.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి పూలు పోయాయంటే, "కలుపు పోయింది మేడమ్, మంచిదే కదా" అన్నాడు. ఆయన తప్పూ లేదు. కార్పెట్ అడిగేవాళ్ళకు అది కలుపే. సెప్టెంబరులో గడ్డి రంగు కాస్త దిగింది. దానికి ఇంకో సంచి వేద్దాం, 650 అవుతుంది అన్నాడు. అక్కడ మాత్రం కోపం వచ్చింది. కోసిన గడ్డితో పాటు వేసిన నత్రజనిలో కొంత భాగం వాళ్ళే మూట కట్టి పట్టుకుపోతున్నారు! ఆ గడ్డిని సన్నగా తరిగి అక్కడే వదిలితే కొంత నేలకే తిరిగొస్తుంది. ఆ మాటంటే, "అట్ల నీట్‌గా కనపడదు మేడమ్" అన్నాడు.

నా రేటింగ్ 5కు రెండున్నర. పనితనానికి 4, ఎరువు తెలివికి 1. కొత్త ఇల్లు, చదును చేసిన మట్టి, ఒకే రకం గడ్డి కావాలనుకుంటే పిలవండి, మట్టి పరీక్ష తర్వాతే సంచి విప్పమనండి. పాత నేల మీద రకరకాల మొక్కలు కలిసి మొలిచే జాగా ఉంటే కోతకు మాత్రమే మాట్లాడుకోండి. కోతకు మాత్రమే అయితే నెలకు 1,200 చాలని వాళ్ళే ఒప్పుకున్నారు. నేను ఇప్పుడు అదే కట్టాను, గడ్డి పట్టుకెళ్ళేలా. నత్రజని దిగాలంటే అది బయటికి పోవాల్సిందే మరి. అల్లుడికి ఇంకా చెప్పలేదు.

మిగిలిన అర సంచి మెట్ల కింద ఉంది. కరివేపాకు చెట్టుకు గుప్పెడు వేస్తే బ్రహ్మాండంగా చిగిర్చింది. సైనిక్‌పురి చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే డబ్బా తెచ్చుకోండి.