కొన్సో రాతి గట్ల మీద నాలుగు రోజులు

ఇథియోపియా వెళ్తున్నానని చెబితే మా ఇంట్లో వాళ్లు, ఆఫీసులో వాళ్లు అందరూ ఒకటే అడిగారు: "కరువు దేశం కదా, అక్కడ చూసేదేముంది?" కరువు ఉంది కాబట్టే వెళ్లాను. మాది అనంతపురం జిల్లా. మా తాత వాలు చేనుకి అడ్డంగా రాతి కట్టలు పోసి, కింద చిన్న కుంట తవ్వుకుని, వేరుశనగ, కొర్ర, జొన్న పండించేవాడు. బోర్లు వచ్చాక ఆ కట్టల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఉన్న రాళ్లు ట్రాక్టర్లకెక్కి ఇళ్ల పునాదుల్లోకి పోయాయి. కుంట పూడిపోయింది. ఇప్పుడు బోర్లలో నీళ్లూ లేవు.

ఇథియోపియా దక్షిణాన కొన్సో అనే జాతి వాళ్లున్నారు. కొండలన్నిటినీ రాతి గట్లతో మెట్లు మెట్లుగా చేసి సాగు చేస్తారు. 21 తరాలుగా, అంటే 400 ఏళ్లకు పైగా ఆ పని ఆపలేదు. 2011లో యునెస్కో ఆ నేలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ల వానలూ మా వానల్లాంటివే, నమ్మకం లేనివి. మా దగ్గర పోయింది అక్కడ ఎలా నిలిచిందో కళ్లారా చూడాలనిపించింది. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మా బావ కూడా బయల్దేరాడు. ఆయన లేకపోతే నేను సగం విషయాలు గమనించేవాణ్ణి కాదు.

ముందు ప్రయాణం సంగతి. హైదరాబాద్ నుంచి అడ్డిస్ అబాబాకి 2025 జూన్ నుంచి నేరుగా విమానం ఉంది. వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. చాలామంది మర్చిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. ఇథియోపియా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ కార్డు అడుగుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. అడ్డిస్‌లో ఒక రాత్రి ఆగి, మర్నాడు దేశీయ విమానంలో ఆర్బా మించ్ చేరాం. అక్కడి నుంచి కొన్సో ముఖ్య పట్టణం కరాత్ దాదాపు 90 కిలోమీటర్లు. దారి దక్షిణానికి, కారులోనే వెళ్లాలి.

మొదటి రోజే ఒక పొరపాటు జరిగింది, మీకు జరగకూడదని చెబుతున్నాను. డ్రైవర్ "రేపు ఒంటి గంటకి బయల్దేరదాం" అన్నాడు. మేం మధ్యాహ్నం అనుకున్నాం. అతను పొద్దున ఏడింటికే వచ్చి, మేం లేవకపోవడంతో చాలాసేపు బయటే నిలబడ్డాడు. అక్కడ రోజు లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మన పొద్దున ఏడు వాళ్లకి ఒంటి గంట. ఎవరు టైం చెప్పినా "ఏ లెక్క ప్రకారం?" అని తప్పకుండా అడగండి.

ఆర్బా మించ్ అంటే అమ్హారిక్‌లో నలభై ఊటలు అని అర్థం. ఊరి పైభాగంలో, అబాయా, చామో చెరువులు రెండూ కనిపించే అంచున ఉన్న లాడ్జిలో దిగాం. గదులు శుభ్రం, వేడినీళ్లు బాగా వచ్చాయి, తిండికి మాత్రం చాలాసేపు కూర్చోవాలి. అక్కడ ఉన్న ఒక్క పూటలో చామోలో మొసళ్లు చూపించే పడవ ఎక్కాలా, దోర్జే ఊరికి వెళ్లాలా అంటే నేను దోర్జే అంటాను. కొండ మీది ఆ ఊళ్లో వెదురుతో ఏనుగు తలలా కట్టిన ఎత్తైన ఇళ్లుంటాయి. చుట్టూ ఎన్సెట్ తోటలు. చూడ్డానికి అరటి చెట్టే, కాయ మాత్రం తినరు. కాండాన్ని, దుంపని గీకి, ఆకుల్లో చుట్టి, గుంతలో పులియబెట్టి, ఆ పిండితో కోచో అనే రొట్టె చేస్తారు. ఇథియోపియాలో దాదాపు రెండు కోట్ల మందికి ఈ చెట్టే ఆధారం. ఏ నెలలోనైనా నరుక్కోవచ్చు, పులిసిన పిండి నెలల తరబడి నిలవుంటుంది. పంట పోయిన ఏడాది ఇంటి వెనక ఉన్న ఆ చెట్టే గాదె. రొట్టె పుల్లగా, కాస్త సాగుతున్నట్టు ఉంది. తేనె, మిరప చట్నీ పెడతారు, నాకు నచ్చింది.

కరాత్‌లో బస విషయానికి వస్తే, ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకున్న హోటల్‌కి వెళ్తే మా గది వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఇచ్చిన మరో గదిలో కుళాయిలో చుక్క నీళ్లు లేవు. కట్టిన అడ్వాన్సు వెనక్కి రాలేదు. బావకి బీపీ ఉంది, ఆ రాత్రి నాకు చాలా టెన్షన్ అయింది. మర్నాడు ఊరి అంచున, గుండ్రటి గడ్డి కప్పు గుడిసెలున్న లాడ్జికి మారాం. కరెంటు సాయంత్రం కొన్ని గంటలే, స్నానానికి బకెట్ నీళ్లే. ఆ సంగతి ముందే చెప్పారు, చెప్పినట్టే ఇచ్చారు. పొద్దున తలుపు తీస్తే ఎదురుగా కొండ మొత్తం గట్లే. కొన్సోలో ఎవరు ఎక్కడ ఉండాలని అడిగినా నేను ఇలాంటి చోటే చెబుతాను. పండుగల్లో వెళ్లేవాళ్లు గది ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. జనవరి 19న అక్కడి క్రైస్తవుల టింకెట్ పండుగ, ఆ వారం ఆర్బా మించ్‌లోనే గది దొరకడం కష్టమైంది.

ఊళ్లు చూడాలంటే కరాత్‌లోని టూరిజం ఆఫీసులో టికెట్ తీసుకుని, స్థానిక గైడ్‌ని పెట్టుకోవాలి. అడ్డిస్ నుంచి గైడ్‌ని తెచ్చుకున్నా సరే, ఇక్కడ కొన్సో గైడ్ లేకుండా వెళ్లొద్దు. మాకు దొరికిన కుర్రాడు గమోలే అనే ఊరి దగ్గరివాడు, వాళ్ల ఇంటి చేను కూడా ఆ గట్ల మీదే. అతనితో తిరిగిన రెండు రోజులే ఈ ప్రయాణంలో అసలు రోజులు.

దూరం నుంచి చూస్తే గట్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. దగ్గరికెళ్తే ఏ రెండూ ఒకలా ఉండవు. వాలు తక్కువున్న చోట మోకాలెత్తు, నిటారుగా ఉన్న చోట ఐదు మీటర్ల దాకా. సిమెంటు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చిందే. బావ గోడ దగ్గర కూర్చుని రాళ్ల సందుల్లో వేలు పెట్టి చూశాడు. "చూడప్పా, సందులు మట్టితో మెత్తలేదు, వదిలేశారు. నీళ్లు వెనక ఒత్తిడి పెట్టకుండా సందుల్లోంచి ఊరుతూ బయటికి పోవాల. మనవాళ్లు సిమెంటుతో కట్టిన చెక్ డ్యాములు ఎన్ని బోర్లా పడలేదు!" అన్నాడు. ప్రతి మడి అంచునా ఒకచోట రాళ్లు కాస్త కిందికి దించి ఉన్నాయి. అది మరువ. మడి నిండాక మిగిలిన నీళ్లు అక్కడి నుంచి కింది మడిలోకి దిగుతాయి. పై మడిలో మరువ కుడివైపుంటే కింది మడిలో ఎడమవైపు. నీళ్లు అడ్డంగా నడిచి నడిచి దిగాలి, పరిగెత్తకూడదు.

మడి లోపల కూడా ఊరికే దున్ని వదిలేయరు. మట్టితో చిన్న చిన్న కుదుళ్లు కట్టి, వాటి అంచుల్లో జొన్న చొప్ప పరుస్తారు. వాన చినుకు పడిన చోటే ఇంకాలి. జొన్నతోపాటే కంది, అలసంద, పత్తి, మధ్యలో మునగ చెట్లు. ఒక మొక్కకి వాన సరిపోకపోతే ఇంకోటి నిలబడుతుంది. జొన్న కోశాక మొదళ్లు పీకేయరు. తర్వాతి వానకి అవే పిలకలేస్తాయి, పిలక పంట వస్తుంది. వేళ్లు అప్పటికే లోతులో ఉంటాయి కాబట్టి కొత్తగా విత్తిన పంట కంటే తక్కువ వానతో గట్టెక్కుతుంది.

మేం వెళ్లింది జనవరిలో. పెద్ద వానలు మార్చిలో మొదలవుతాయి. ఈ మధ్య నెలల్లోనే గట్లు సరిచేసుకుంటారు. ఒక వాలు మీద పన్నెండు మంది కూలిన గోడ ఎత్తుతున్నారు. ఒకరి చేనులో పని, అందరి చేతులు. చేనుగల వాళ్లు చాకా పోస్తారు. చాకా అంటే జొన్న, మొక్కజొన్నలతో కాచే చిక్కటి పులిసిన కల్లు, సొరకాయ బుర్రలో ఇస్తారు. ఒక పెద్దాయన రాయిని చేతిలో తిప్పి తిప్పి చూసి పెడుతున్నాడు. ఏం చూస్తున్నారని అడిగించాను. "రాయికి ముఖం ఉంటుంది. ముఖం లోపలికి పెడితే అది పడుకోదు" అన్నాడట. ఆ మాట విని బావ చెప్పులు వదిలి తనూ రాళ్లు అందించాడు. గంట తర్వాత దిగుతుంటే ఆ పెద్దాయన బావ చేతులు పట్టుకుని చూసి ఏదో అన్నాడు. "ఈ చేతులకి పని కొత్త కాదంటున్నాడు" అని గైడ్ చెప్పాడు. బావకి కళ్లల్లో నీళ్లొచ్చాయి.

ఊళ్ల చుట్టూ కూడా రాతి ప్రాకారాలే. లోపల సందులు ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. ప్రతి వాడలో మోరా అనే పెద్ద గడ్డి కప్పు చావడి ఉంటుంది. పెళ్లికాని కుర్రాళ్లు రాత్రి అక్కడే పడుకోవాలి. అగ్గి అంటుకున్నా, ఎవరికి ఆపద వచ్చినా వాళ్లే ముందు పరిగెత్తాలి. తరం మారినప్పుడల్లా మోరా ముందు జూనిపర్ అనే చెట్టు దుంగ ఒకటి పాతుతారు, కొన్ని ఊళ్లలో 18 ఏళ్లకొకటి. ఆ జూనిపర్ వంశ పెద్దలు కాపాడే పవిత్రవనాల్లోది. అక్కడ ఎవరూ ఇష్టం వచ్చినట్టు చెట్టు కొట్టరు. ఊరి బయట హార్దా, అంటే కుంట. అందరూ కలిసి తవ్వి, అందరూ కలిసి పూడిక తీసేది. మా తాత కుంట మా ఒక్కరిదే. అందుకే మేం వదిలేయగానే పూడిపోయింది.

మెచెకె అనే ఊళ్లో, చనిపోయిన వీరుల కోసం చెక్కిన వాకా బొమ్మలు చూశాం. దొంగలు ఎత్తుకుపోయి అమ్ముకుంటే తిరిగి దొరికిన వాటిని కరాత్ మ్యూజియంలో పెట్టారు. చిన్నదే, గంట చాలు, తప్పక వెళ్లండి. గెసెర్గియోలో మట్టి కోసుకుపోయి మేడల్లా నిలబడిన లోయ ఉంది, 'న్యూయార్క్' అంటారు. అందరూ ఫోటోలు దిగేది అక్కడే. నాకు మాత్రం అది చూస్తే భయం వేసింది. గట్టు లేని నేల అలా అవుతుంది.

తిండి గురించి మనవాళ్లకి ఒక మంచి మాట. బుధ, శుక్రవారాల్లో ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల్లో హోటళ్లలో ఇంజెరా అనే పులిసిన పిండి అట్టు మీద రకరకాల పప్పులు, కూరలు వడ్డిస్తారు, బెయాయ్నెతు అనాలి. శాకాహారులకి బెంగ అక్కర్లేదు. కొన్సోలో రోజువారీ తిండి కుర్కుఫా. జొన్నపిండి ఉండలు, మునగాకు కలిపి ఉడికిస్తారు. వాళ్ల మునగ మనది కాదు, వేరే జాతి. ఆకు వెడల్పు, చెట్టు లావు. కొన్సోలో షెలగ్తా అంటారు, కాయ కంటే ఆకే ముఖ్యం. మొదటి ముద్ద తినగానే మా అమ్మ చేసే జొన్న సంగటి, మునగాకు పప్పు గుర్తొచ్చాయి. జొన్న పుట్టిల్లు ఆఫ్రికానే, రాగి పుట్టిల్లూ తూర్పు ఆఫ్రికా ఎత్తునేలలే. వేల ఏళ్ల కింద అక్కడి నుంచి వచ్చిన గింజలే మా సీమని బతికించాయి.

ఇవన్నీ చెప్పి, కొన్సోకి కరువు లేదని ఎవరైనా అనుకుంటే అది నా తప్పవుతుంది. 2020 చివరి నుంచి వరసగా ఐదు వానకారులు ఎండిపోయాయి. వాతావరణ మార్పు లేకపోతే అంత కరువు వచ్చే అవకాశం ఎంతో తక్కువని, దాన్ని కనీసం వంద రెట్లు పెంచింది ఆ మార్పేనని వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ శాస్త్రవేత్తలు 2023లో తేల్చారు. గట్టు పడిన వానని నిలుపుతుంది, పడని వానని తేలేదు. అప్పుడు మునగాకు తిని, సాయంగా వచ్చిన గింజలతో బతికామని గైడ్ తల్లి చెప్పింది. వాతావరణాన్ని మార్చిన ఆ పొగ వదిలింది మాత్రం వాళ్లు కాదు.

కొన్సో నుంచి ఒక రోజు, పశువుల మందలు మేపుకునే బొరానా జాతి వాళ్ల వైపు వెళ్లాం, యాబెలో మీదుగా దుబ్లుక్ బావుల దగ్గరికి. లోతైన బావిలో మెట్టుకొకరు నిలబడి, పాడుతూ చేతుల మీదుగా నీళ్లు పైకి అందిస్తారు. ఏ మంద ఏ రోజు తాగాలో ఆబ్బా హెరేగా అనే పెద్ద నిర్ణయిస్తాడు. అచ్చం మన నీరుగంటి. ఎండాకాలంలోనే ఈ బావులు నడుస్తాయి, వానల్లో వెళ్తే ఖాళీగా ఉంటాయి. ఫోటోలకి డబ్బు ముందే మాట్లాడుకోండి. మాకు ఆ గొడవ వల్ల చూడటం కంటే బేరంలోనే ఎక్కువసేపు పోయింది. దారి దూరం కూడా, ఒక్క రోజులో పెట్టుకోవడం తొందరపాటే.

ఈ ప్రాంతంలో ఈమధ్య సంవత్సరాల్లో ఘర్షణలు జరిగాయి. టికెట్లు కొనే ముందు భారత రాయబార కార్యాలయం సూచనలు చూడండి, స్థానిక గైడ్‌తో ఫోన్లో మాట్లాడండి, రాత్రి ప్రయాణాలు పెట్టుకోవద్దు. కరాత్‌లో కార్డు మీద ఆధారపడొద్దు, అక్కడి డబ్బు బిర్, ఆ నోట్లు ఆర్బా మించ్‌లోనే తీసుకోండి. సోమ, గురువారాల్లో సంత. బట్ట కొనాలంటే సంతలోనే కొనండి, కొన్సో మగవాళ్లు సొంతంగా నేసిందే దొరుకుతుంది. విత్తనాలు మాత్రం తేవద్దు. బావ జొన్న కంకి ఒకటి సంచిలో పెట్టుకోబోయి, క్వారంటైన్ నిబంధన గుర్తొచ్చి తిరిగి ఇచ్చేశాడు.

చివరి రోజు ఎదుటి కొండ మీద ఒక వాలంతా గట్లు కూలి ఎర్రగా కోసుకుపోయి కనిపించింది. అదెవరిదని అడిగాను. వాళ్లు ముగ్గురన్నదమ్ములు, ముగ్గురూ ఆర్బా మించ్‌లో బిల్డింగ్ పనుల్లో ఉన్నారని గైడ్ చెప్పాడు. "నువ్వు కూడా వెళ్తావా?" అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, టూరిస్టులు వచ్చినన్నాళ్లు ఉంటాను, గట్టు పనికి ఎక్కడున్నా వస్తాను అన్నాడు. అతని మాట నిలబడాలంటే మనలాంటి వాళ్లు రెండు పూటలు ఫోటోలు తీసుకుని పోకూడదు. అక్కడే పడుకోవాలి, అక్కడే తినాలి, గైడ్ డబ్బు బేరమాడకుండా ఇవ్వాలి.

మళ్లీ ఏప్రిల్‌లో వెళ్లాలని బావ అప్పుడే లెక్కలేస్తున్నాడు. దారి బురదగా ఉంటుంది, కారు దిగబడొచ్చు, ఒక రోజు అదనంగా పెట్టుకోండి అని గైడ్ చెప్పాడు. పెట్టుకుంటాం. ఆ పెద్దాయన ఎత్తిన గోడ వెనక నీళ్లు నిండి, మరువ దాటి కింది మడిలోకి దిగడం చూడాలి.