ఉప్పాడ తీరానికి ఏది మేలు: రాతి గోడా, మడ అడవా, ఊరు జరపడమా?

తుఫాను వచ్చిన ప్రతిసారీ ఉప్పాడ–కాకినాడ బీచ్ రోడ్డు కోతకు గురికావడం, ఆ వెంటనే ఏది శాశ్వత పరిష్కారమని పాఠకులు అడగడం ఏటా జరుగుతూనే ఉంది.

అక్కడి మత్స్యకారులు ఈ ముప్పును సముద్రంలో కలిసిపోయిన వీధులను బట్టి కొలుస్తారు. ఫలానా గుడి ఇక్కడుండేదని నీళ్ళ వైపు చెయ్యి చూపిస్తారు. ముందు గోడ కూలిన ఇంట్లో వెనక గదిలోనే కాపురం సాగించేవారికి ప్రమాదం తెలియదనుకోవడం అన్యాయం. వేటకు వెళ్ళే పడవ కంటికి కనిపించే దూరంలో ఉండాలన్నదే వారిని అక్కడ నిలుపుతోంది. నా దృష్టిలో ఏ పరిష్కారాన్నయినా తూచవలసిన అసలు కొలత అదే.

గోడ సంగతి చూద్దాం. 2010 ప్రాంతంలో పెద్ద పెద్ద జియోట్యూబులలో (గట్టి సింథటిక్ గుడ్డతో చేసిన గొట్టాల్లాంటి సంచులలో) ఇసుక నింపి, రాళ్ళతో కలిపి ఇక్కడ రక్షణ గోడ కట్టారు. తర్వాతి తుఫానులకు ట్యూబులు చిరిగి, ఇసుక జారిపోయి, రాళ్ళు కుంగిపోయాయి. ఇంతకన్నా గట్టిగా కట్టినా గోడకు తగిలి వెనక్కి మళ్ళే అల దాని పాదం దగ్గరి ఇసుకను లాక్కుపోతుంది. ఇసుక పోతే పడవ లాగడానికీ వల ఆరబెట్టడానికీ చోటుండదు. పైగా గోడ ఉందన్న ధైర్యంతో దాని వెనకే మళ్ళీ ఇళ్ళు లేస్తాయి. కాబట్టి దాన్ని కొన్నేళ్ళ గడువు సంపాదించే సాధనంగా మాత్రమే ఒప్పుకుంటాను.

మడ అడవుల మేలును కాదనలేము. 1999 నాటి ఒడిశా సూపర్ సైక్లోన్‌లో కేంద్రపడా జిల్లాలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట ప్రాణనష్టం తగ్గిందని పరిశోధకులు చూపారు. కోరింగ చుట్టుపక్కల, బురద నేలలూ ఏటిపాయలూ ఉన్న ఊళ్ళకు నా ఓటు నిస్సంకోచంగా మడకే. కానీ ఉప్పాడలో అలలు నేరుగా ఇసుక ఒడ్డును కొడతాయి. అక్కడ మడ మొక్క వేరూనుకోదు. సరుగుడు తోటలు గాలి వేగాన్ని కొంత తగ్గిస్తాయి, తుఫాను షెల్టర్లు ప్రాణాలు కాపాడతాయి. కోతను మాత్రం ఆపలేవు.

ఇక మిగిలింది ఊరిని జరపడం. ఒడిశాలో సముద్రం మింగుతున్న సతభాయ వాసులను బగపాటియాకు తరలించారు. ఉప్పాడకూ నేను ఈ మార్గానికే మొగ్గుతాను. తీరానికి చేరవలసిన గోదావరి ఒండ్రు ఎగువ ఆనకట్టల్లో ఆగిపోవడం, కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరుగుతూ అలల తాకిడిని మార్చడం, సముద్రమట్టం పెరగడం, ఈ కోత కారణాలేవీ ఊరి చేతిలో లేవు. అయితే కొత్త స్థలం ఒడ్డుకు నడిచి చేరగలిగినంత దగ్గరలో ఉండాలి, పాత ఒడ్డున పడవలు నిలుపుకునే హక్కు రాతపూర్వకంగా మిగలాలి, చెదిరిపోకుండా ఒక వీధివారంతా ఒకేచోటికి వెళ్ళాలి. నేత కుటుంబాలు కూడా వెళ్ళవలసివస్తే, జాందానీ నేసే గుంట మగ్గానికి నీరు ఊరని మెరక నేల చూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం వల్ల మగవారు ఊళ్ళోనే ఉంటారు కనుక, తరలింపును ఆ రెండు నెలల్లో, ప్రధాన తుఫానుల కాలానికి ముందే, సముద్రానికి అతి దగ్గరలో ఉన్న వీధితో మొదలుపెట్టవచ్చు.