నల్లగొండలో ఒక మంగళవారం: అఫిడవిట్టు, పానగల్ గుళ్లు, బత్తాయి రసం

మా చెల్లె పుట్టింది నల్లగొండలో, 1984లో. నాన్న కొలువు అప్పుడు అక్కడే. ఇన్నేండ్లకు వీసా కోసమని ఆమె పుట్టిన సర్టిఫికెట్ తీయిస్తే అందులో అమ్మ పేరుకు ఒక దీర్ఘం ఎక్కువ పడి ఉంది. ఆమె ఉండేది సముద్రాల అవతల. ఆ దీర్ఘాన్ని తీయించే పని పాలమూరులో ఉన్న నా నెత్తిన పడ్డది.

నేరుగా పోయే బస్సు కోసం గంటసేపు చూసి, ఇక లాభం లేదని జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి అని మూడు చోట్ల మారుకుంట పోయిన. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఉచితమని మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో మగవాళ్లకు సీటు దొరకడం అదృష్టమే. కల్వకుర్తిలో ఎక్కిన ఒక ముసలమ్మ నన్ను చూసి జరిగి చోటిచ్చింది. "ఈ బస్సుల టికెట్ కొన్నది నువ్వొక్కనివే తీయి, కూసో బిడ్డా" అన్నది. బస్సంతా నవ్వింది. ఆ ప్రయాణంలో నాకు నచ్చిన సంగతి అదొక్కటే. కారు ఉన్నవాళ్లు కారులో పొండి.

రాత్రి బస్టాండు దగ్గరి లాడ్జిలో ఉన్న. ఏసీ గదికి పన్నెండు వందలు, ఫ్యాను గదికి ఏడు వందలు. ఫ్యాను గది తీసుకున్న. దుప్పట్లు శుభ్రంగ ఉన్నయి, నీళ్లు వేడిగ వచ్చినయి. బస్సుల హారన్లు మాత్రం తెల్లవారుజామున నాలుగింటికే మొదలైతయి. రోడ్డు వైపు గది ఇస్తే వద్దనండి.

ఆఫీసు సంగతి పేరు పెట్టి చెప్పను. పదిన్నరకు పోతే అక్కడి ఉద్యోగి పదకొండుకు వచ్చి, కాగితాలు తిరగేసి, అఫిడవిట్టు, నోటరీ, రెండు సెట్ల జిరాక్సు తెమ్మన్నడు. "సార్ మూడింటికొస్తడు, అప్పుడు రాండ్రి" అన్నడు. బయట చెట్టు కింద స్టాంపు కాగితాలు, టైపింగు, నోటరీ, జిరాక్సు అన్నీ ఇరవై అడుగుల్లో దొరికినయి. ఈ సేవకు మాత్రం పదికి తొమ్మిది మార్కులు వేస్త. ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, పేరులో తప్పు దిద్దమని రాసే అఫిడవిట్టులో కంప్యూటర్ పిల్లగాడు మళ్లీ అదే దీర్ఘం పెట్టిండు. నోటరీ ముద్ర పడకముందే చూసిన కాబట్టి బతికిపోయిన. మీరు కూడా ఒక్కో అక్షరం చదివి సంతకం పెట్టండి.

ఇంక మూడింటి దాకా ఏం చేయాలె? ఆటో మాట్లాడుకొని పానగల్ పోయిన. పోయి రావడానికి, అక్కడ ఆగడానికి కలిపి నాలుగు వందలు. ఊళ్లో నుంచి నాలుగైదు కిలోమీటర్లు ఉంటదేమో, అంతే.

దారిలో ఒక తమాషా. ఏ ఊరు సార్ అంటే పాలమూరు, పిల్లలమర్రి దగ్గర అన్న. "పిల్లలమర్రి సూర్యాపేట కాడ కదా సార్?" అన్నడు డ్రైవర్. ఆయన తప్పేం లేదు. సూర్యాపేట పక్కన కాకతీయుల కాలపు గుళ్లున్న పిల్లలమర్రి ఊరే ఉంది. మాది మర్రిచెట్టు. ఇక పానగల్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది వనపర్తి జిల్లాలోని కొండకోట. పాత పాలమూరు, నల్లగొండ జిల్లాలు రెండింటికీ ఈ రెండు పేర్లు ఉమ్మడిగ ఉన్నయి. ఫోన్‌లో దారి పెట్టేటప్పుడు పక్కన జిల్లా పేరు కూడా కొట్టండి.

పానగల్ ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోనే మ్యూజియం ఉంది. శివలింగానికి పచ్చలు పొదిగి ఉండేవని, అందుకే ఆ పేరని చెప్తరు. గుడి బయటి గోడల మీద రామాయణ, భారత కథలు చెక్కి ఉన్నయి. నేను లోపలి వస్తువుల కన్నా ఆ గోడల దగ్గరనే ఎక్కువ సేపు గడిపిన. ఒక్కొక్క బొమ్మ జానెడు కూడా ఉండదు, గని ఎవరు ఎవరిని కొడుతున్నరో, ఎవరు పడిపోతున్నరో ఎనిమిది వందల ఏండ్లు దాటినా తెలుస్తనే ఉంది. వీరగల్లులు, నందులు, శాసనాల రాళ్లు చూసుకుంట తిరిగితే గంట చాలు. మా పిల్లలమర్రి మ్యూజియంతో పోలిస్తే? మా దగ్గర మర్రి ఉంది, జింకలున్నయి, శ్రీశైలం ముంపు నుంచి రాయి రాయి విప్పి తెచ్చి కట్టిన గుడి ఉంది. పిల్లలను తీసుకపోవాలంటే మాదే మేలు. ఒక్కరే పోయి నిమ్మళంగ చూడాలంటే పానగల్.

అక్కడి నుంచి పొలాల మధ్య ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భగుళ్లు, నడుమ ఒకటే మండపం. పడమటి గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద ఒక స్తంభం నీడ నిలువుగ పడి ఉంటది. సూర్యుడు కదిలినా అది కదలదు. ఏ స్తంభానిదో పట్టుకుందామని ఒక్కొక్క దాని ముందు నిలబడి చూసిన. నీడ అట్లనే ఉంది. నేరుగా ఎండ లోపలికి రాదని, మండపం పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురులో స్తంభాల నీడలు కలిసి నడుమ ఒకటిగ కనపడతయని చెప్తరు. ఆ లెక్క నాకు సగమే అర్థమైంది. పూజారి హారతి పళ్లెం పట్టుకొని ఓపికగ నిలబడ్డడు. "అందరూ ఇట్లనే తిరుగుతరు సార్" అన్నడు.

గుడి పక్కనే ఉదయసముద్రం. చోడుల కాలపు చెరువు. ఇప్పుడు మాధవరెడ్డి ప్రాజెక్టు కృష్ణా నీళ్లు నింపే ఒకటిన్నర టీఎంసీల రిజర్వాయర్. కట్ట మీద కాసేపు కూసున్న. మా చెల్లె పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉంటయి. చిన్నప్పుడు ఐదేండ్లు ఈ ఊరి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన గుర్తు అది. నాన్న బిందెలో పటిక, సున్నం వేసి కలిపి, తేట నీళ్లు వంచేటోడు. నాగపూర్ నీరి సంస్థ వాళ్లు నేర్పిన ఆ పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. నాకు అప్పటికే తొమ్మిదేండ్లు, పళ్లు వచ్చేసినయి కాబట్టి తప్పించుకున్న. చెల్లె తప్పించుకోలేదు. ఫోటోల్లో ఇప్పటికీ మూతి బిగించే నవ్వుతది.

మధ్యాహ్నం గడియారం సెంటర్ దగ్గర భోజనం. పప్పు బాగుంది, కూర పర్వాలేదు, పెరుగు పులిసింది. దాని కన్నా రోడ్డు పక్కన తాగిన బత్తాయి రసం బాగుంది. నల్లగొండకు వచ్చి బత్తాయి తాగకుండ పోవద్దు. ఐసు, చక్కెర వద్దని ముందే చెప్పండి.

మూడింటి సార్ నాలుగుంబావుకు వచ్చిండు. వచ్చినంక ఐదు నిమిషాల పని. రసీదు ఇచ్చిండ్రు, పదిహేను రోజులాగమన్నరు. ఆ రసీదు కూడా అక్షరం అక్షరం చదివిన.

బస్సెక్కినంక చెల్లెకు ఫోటోలు పంపిన. గోడల మీది బొమ్మలు, నీడ, చెరువు. నీడ సంగతి అడుగుతదేమో అనుకున్న. "నీళ్లు ఏడ తాగినవురా?" అని అడిగింది.

బాటిల్ కొనుక్కున్న అని చెప్పిన.