బాబు ఎడమ చేతికి టీఎంఎస్ చేయించాం, ఎలా ఉందంటే

మా బాబుకి తొమ్మిదేళ్లు, సీపీ (సెరిబ్రల్ పాల్సీ, చిన్నప్పుడే మెదడు దెబ్బతినడం వల్ల వచ్చేది), ఎడమ చెయ్యీ కాలూ బిగుసుకుని ఉంటాయి. ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్‌లో ఒక సెంటర్‌లో టీఎంఎస్ (తల బయటి నుంచే మెదడుకి అయస్కాంతం పల్స్ ఇచ్చే వైద్యం) 20 సెషన్లు చేయించాం, మనలాంటి వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

తలకి కరెంటు పెడతారేమోనని మా అత్తయ్య ఒకటే ఏడుపు. కరెంటు షాక్ కాదండీ, కోత కూడా లేదు (పుర్రెకి రంధ్రం పెట్టి తీగలు వేసేది డీబీఎస్, అది వేరే). 8 అంకెలా ఉండే కాయిల్ తలకి ఆనిస్తారు, అయస్కాంతం పల్స్ వెళ్తుంది, టక్ టక్ అని చప్పుడొస్తుంది కాబట్టి చెవుల్లో ప్లగ్స్ పెడతారు. మొదటిరోజు చేతి బొటనవేలు కదిలేదాకా పవర్ మెల్లగా పెంచి ఎంత సరిపోతుందో చూసుకున్నారు.

దెబ్బ తిన్నది ఎడమ చేతిని నడిపే కుడి మెదడైతే కాయిల్ ఎడమవైపు పెట్టారేంటని అడిగా. బాగున్న వైపు రెండోదాన్ని అణిచేస్తుంటుందమ్మా, సెకనుకి ఒక పల్స్ చొప్పున ఇస్తే దాని జోరు కాసేపు తగ్గుతుంది, ఆ టైంలోనే ఎడమ చేత్తో పని చేయించాలి అన్నారు డాక్టర్ గారు. మిషన్ దగ్గర 20 నిమిషాలే, అసలు పని ఆ తర్వాత గంట. ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ చేతి పనులు చేయించే థెరపీ) మేడమ్ కుడి చేతికి గ్లౌజు తొడిగేసి ఎడమ చేత్తో బఠానీలు వొలిపించేది, గ్లాసులు పేర్పించేది, వాడు విసుక్కున్నా ఒక్కరోజు కూడా వదల్లేదు. ఆవిడకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

చెక్క బ్లాకులు ఒక డబ్బాలోంచి ఇంకోదాంట్లోకి నిమిషంలో 9 వేసేవాడు, చివరికి 14 వేశాడు. అన్నం తినేటప్పుడు ఎడమ చేత్తో కంచం పట్టుకుంటున్నాడిప్పుడు, మొదటిసారి చూసినప్పుడు నాకు ముద్ద దిగలేదు. చొక్కా గుండీలు ఇంకా రావు. నడకలో మార్పేం లేదు. రెండు మూడుసార్లు తలనొప్పి అన్నాడు, పడుకుంటే తగ్గింది.

నాకు కోపం వచ్చింది రిసెప్షన్ వాళ్ల మీద. నడక నార్మల్ అయిపోతుంది మేడమ్ అని చెప్పి ప్యాకేజీ డబ్బులు మొత్తం ముందే కట్టించుకున్నారు, డాక్టర్ గారేమో చేతికి కొంచెం హెల్ప్ అవ్వొచ్చు, పిల్లల్లో ఇంకా రీసెర్చ్ జరుగుతూనే ఉంది అని ఉన్నదున్నట్టు చెప్పారు. పిల్లల తల్లులకి అలా ఆశ పెట్టడం చాలా తప్పు.

వెళ్లేవాళ్లు ఫిట్స్ ఎప్పుడైనా వచ్చుంటే ముందే చెప్పండి, మాకు ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) చూశాకే మొదలుపెట్టారు. ఆపరేషన్‌లో తల లోపల పెట్టిన లోహపు క్లిప్పులు, చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ లాంటివి ఉంటే కూడా దాచొద్దు. సెషన్ అయిన వెంటనే చేతి థెరపీ ఉంటుందా అని అడగండి, లేదంటే వేరే చోటు చూసుకోండి.