పాత ఓమ్నీ కొంటున్నారా? ఐడిలింగ్ నిలకడగా ఉందని నమ్మి డబ్బు కట్టొద్దు

వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ మారుతి ఓమ్నీ వ్యాన్ కోసం తిరుగుతున్నవాళ్లు ముందు ఇది చదవండి. గాజువాక వైపు పాత వ్యాన్లు అమ్మే ఆ మనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. నాకు అంటగట్టింది ప్రతి సిలిండర్‌కీ విడి ఇంజెక్టర్ ఉండే ఎంపీఎఫ్‌ఐ బండి, పెట్రోలుతో పాటు ఎల్‌పీజీ కిట్ ఉంది. చూడ్డానికి వెళ్లేసరికే ఇంజన్ వేడెక్కి ఉంది, ఐడిలింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరగడం, చక్కగా ఉంది. మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే బండంతా ఊగిపోయింది. ఎన్ఏడీ సిగ్నల్ దగ్గర కాలు తీస్తే ఆఫ్.

మీటర్ విప్పించాను. ఇంజన్‌లో తేడా ఉంటే వెలిగే చెక్ ఇంజన్ బల్బుకి నల్ల ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టి ఉంది. దుమ్ము కూడా పట్టని కొత్త టేపు. అంటే ఇంజన్ పాడైందని వాడికి తెలుసు, తెలిసే కప్పాడు. ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడో తెలుసా? "పాత బండి కొని కొత్తదాన్లా తిరగమంటే ఏటవుద్ది? సంతకాలయిపోనాయి కదా, ఇంక మాకేటి సంబంధం?" కట్ చేసేశాడు. కూరగాయలు వేసుకునేవాళ్లు, స్కూలు పిల్లల్ని దింపేవాళ్లు అప్పు చేసి కొనే బండ్లండీ ఇవి. ఇది దొంగతనమే.

ఐడిలింగ్ ఎలా నిలబెట్టాడో వినండి. థ్రాటిల్ బాడీ మీద స్టాప్ స్క్రూ ఉంటుంది, అది కంపెనీ సెట్టింగ్, ముట్టుకోకూడదు. దాని నట్టు మీద కొత్త స్పానర్ గీతలున్నాయి. ఆ స్క్రూ బిగిస్తే లోపల గాలి దారి మూసే బటర్‌ఫ్లై ఎప్పుడూ కాస్త తెరుచుకునే ఉంటుంది. ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, అంటే 900 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం 1300 దాటుతుంది. ఆ స్పీడులో మూడు సిలిండర్లలో ఒకటి చచ్చినా ఊపు పెద్దగా తెలీదు. ఓమ్నీకి ఆర్‌పీఎం మీటర్ లేదు కాబట్టి కంటికీ దొరకదు.

అసలు జబ్బు మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్. గ్యాస్ మీద ఎక్కువ తిరిగిన బండిలో వాల్వ్ కూర్చునే సీటు అరిగి, వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండాల్సిన ట్యాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది. వాల్వ్ పూర్తిగా కూర్చోక అంచు కాలిపోతుంది. టైటు ట్యాపెట్లు చప్పుడు చెయ్యవు, అందుకే "ఇంజన్ సైలెంట్ సార్" అనే మాటకి విలువ లేదు. కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, గేజ్ పెట్టి చూస్తే 165, 160, మూడోది 70 పీఎస్‌ఐ. సిలిండర్ల మధ్య 15 తేడా దాటితేనే అనుమానించాలి. ప్లగ్గు రంధ్రంలో టీస్పూను ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాం, పెద్దగా పెరగలేదు. పెరిగుంటే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గాస్కెట్. ఈ టెస్టుకి ప్లగ్గులు మూడూ తీసెయ్యాలి, ఇగ్నిషన్, పెట్రోలు కట్ చెయ్యాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. లేకపోతే రీడింగ్ తప్పొస్తుంది.

"ఐఏసీ వాల్వ్ క్లీన్ చేస్తే సరిపోద్ది" అని కూడా చెప్తారు. ఐడిలింగ్‌లో ఇంజన్‌కి గాలి కొలిచి ఇచ్చే వాల్వ్ అది. ఆర్‌పీఎం పైకీ కిందకీ ఊగుతుంటే నిజమే, ఐఏసీలో కార్బన్ గానీ ఇన్‌టేక్ గాస్కెట్, ఇంజన్ లోపలి ఆవిరి లాగే పీసీవీ గొట్టం దగ్గర గాలి లీకు గానీ అయ్యుండొచ్చు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి ఆ జాయింట్ల మీద కార్బ్ క్లీనర్ కొంచెం కొట్టండి, చప్పుడు మారితే లీకు అక్కడే. ఒకే తాళంలో టక్ టక్ మని ఊగుతుంటే మాత్రం ఒక సిలిండర్ పోయినట్టే. ముందు సీటు ఎత్తి, ఇంజన్ పెట్రోలు మీద తిరుగుతుండగా ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే పీకండి, ఏది పీకితే తేడా రాలేదో ఆ సిలిండరే చచ్చింది. అది ప్లగ్గు వల్లా, ఇంజెక్టర్ వల్లా, కంప్రెషన్ వల్లా అన్నది తర్వాత తేలుతుంది.

హెడ్‌లైట్ వేస్తే ఐడిల్ పడిపోతుంటే భయపడక్కర్లేదు. మన సముద్రపు గాలికి ఎర్త్ వైరు చివరి లగ్గులు పచ్చగా పూసిపోతాయి. ఎమరీ పేపర్ రుద్ది, బిగించి, వాజెలిన్ రాస్తే చాలాసార్లు సరిపోతుంది.

చూడ్డానికి వెళ్లేముందు ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి, వెళ్లాక ఇంజన్ చల్లగానే ఉందో లేదో చెయ్యి పెట్టి చూడండి. కీ ఆన్ చేస్తే చెక్ ఇంజన్ లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. కంప్రెషన్ చూడనివ్వకపోతే అడ్వాన్స్ ఇవ్వొద్దు. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యూ అయిందా, గ్యాస్ కిట్ ఆర్‌సీలో ఎక్కిందా అన్నవి కూడా సంతకాలకి ముందే చూసుకోండి.