పుస్తకం వస్తుంది, సంతకమే రాదు

నాలుగు క్యాంపస్‌లున్న యూనివర్సిటీలో పీజీ చదివి, అక్కడే కాంట్రాక్ట్ లెక్చరర్‌గా చేరాను. ర్యాంకులు, బిల్డింగుల సంగతి బ్రోచర్‌లో ఎలాగూ ఉంటుంది. నేను రాసేది లైబ్రరీ గురించి.

మాది చిన్న క్యాంపస్. మా ర్యాకుల్లో సిలబస్ పుస్తకాలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. కానీ కేటలాగ్ అన్ని క్యాంపస్‌లకూ ఒకటే. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో వెతికి హోల్డ్ పెడితే, అంటే మన కోసం ఆపి ఉంచమని అడిగితే చాలు, పుస్తకం ఎక్కడున్నా తీసి, ఆఫీసు టపా తెచ్చే వ్యాన్‌లోనే సంచిలో పంపిస్తారు. మన పేరున్న చీటీతో కౌంటర్ వెనక ఎదురుచూస్తుంటుంది. నా డిసర్టేషన్ సగం ఆ సంచి పుణ్యమే. మెయిన్ క్యాంపస్ వాళ్లకు ఈ సంబరం అర్థం కాదు.

ఇక కడుపుమంట. కోర్సు అయ్యాక బాకీలేమీ లేవని రాసిచ్చే నో డ్యూస్ కాగితానికి వెళ్తే నా పేరు మీద ఒక పుస్తకం బాకీ ఉందన్నారు. అది మా కౌంటర్‌లోనే తిరిగిచ్చాను. తీసుకున్నవాళ్లు బార్‌కోడ్ స్కాన్ చేస్తేనే నా ఖాతాలోంచి పోయి, దారిలో ఉన్నట్టు చూపిస్తుంది. రద్దీలో స్కాన్ చేయకుండానే సంచిలో పడేశారు. అవతల దింపుకున్నవాళ్లూ స్కాన్ చేయకుండా ర్యాక్‌లో సర్దేశారు. పుస్తకం దాని చోట అది హాయిగా ఉంది, ఫైన్ మాత్రం నా నెత్తిన పెరుగుతోంది.

మా లైబ్రేరియన్ గారు ఫోన్ చేస్తే, ర్యాక్‌లోనే ఉందని అవతలివాళ్లు ఒప్పుకున్నారు కూడా. అయినా ఫైన్ ఎత్తేసే అధికారం మెయిన్ క్యాంపస్‌దట. అక్కడ అడిగితే "మీ డైరెక్టర్ ద్వారా రమ్మనండి" అన్నారు. డైరెక్టర్ గారు సంతకం పెట్టారు, లెటర్ వెళ్లింది, ఇన్‌వార్డ్ నంబర్ లేదని తిరిగొచ్చింది. మెయిన్ క్యాంపస్‌లో నా ఫ్రెండ్ ఒకే మధ్యాహ్నం మెట్లెక్కి దిగి అన్ని సంతకాలూ చేయించుకున్నాడు. నా సర్టిఫికెట్లు మాత్రం ఆ ఒక్క లెటర్ కోసం ఆగిపోయాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీలో 10 క్యాంపస్‌లుంటే ఒక్కోదానికి ఆ క్యాంపస్‌ను నడిపే ఛాన్సలర్ ఒకరు ఉన్నారు. మా డైరెక్టర్ పదవి ఉన్నది ఫార్వర్డింగ్ సంతకం పెట్టడానికి!

స్టాఫ్‌లో చేరాక అటువైపు బాధలూ తెలిశాయి. రెండు క్యాంపస్‌లలో క్లాసులు చెప్తే, మధ్యలో బస్సులో కూర్చున్న టైమ్ వర్క్‌లోడ్‌లోకి రాదు. రెండు టైమ్‌టేబుళ్లు వేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. వీడియో క్లాసులో అవతలి పిల్లలు చెయ్యెత్తినా నాకు తెరమీద తలలు తప్ప కనిపించవు. యూనివర్సిటీలు కలిసి వాడుకునే ఎడ్యురోమ్ వైఫై మాత్రం బంగారం. ఒకసారి లాగిన్ పెట్టుకుంటే ఏ క్యాంపస్‌లో దిగినా దానంతటదే కనెక్ట్ అవుతుంది.

సంచిని మెచ్చుకున్నాను గానీ, పరీక్షల ముందు దాన్ని నమ్ముకోకండి. గిరాకీ ఉన్న పుస్తకాలను మెయిన్ క్యాంపస్ రిఫరెన్స్‌లో పెట్టేసుకుంటుంది, బయటికి కదలవు.

చిన్న క్యాంపస్‌లో ప్రొఫెసర్ ఎప్పుడైనా దొరుకుతారు, నాకు అది బాగా పనికొచ్చింది. ఇల్లు దగ్గర కాబట్టి లెటర్ వెంట కూడా తిరగగలిగాను. కోర్సు అవగానే ఎక్కడో ఉద్యోగంలో చేరాల్సినవాళ్లకైతే మెయిన్ క్యాంపస్ సీటే నయమేమో. ఎక్కడ చేరినా, పుస్తకం తిరిగిచ్చాక మీ ఖాతాలోంచి పోయిందో లేదో ఫోన్‌లో చూసుకున్నాకే కౌంటర్ వదలండి.