టెర్మినల్‌లో విమ్: పని బాగుంది, కర్సర్ దగ్గరే పేచీ

అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి లెక్కల ఫైళ్లు దూరపు సర్వర్‌లో ఉంటాయి కాబట్టి, వాటిని దిద్దడానికి నేను నాలుగేళ్లుగా టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే అక్షరాల తెరలో, నడిచే విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌నే వాడుతున్నాను. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన ఈ ఉచిత ఎడిటర్ వేగానికి వంక పెట్టలేము గాని, దీని కర్సర్ కొత్తవారిని తికమక పెడుతుంది. అక్షరాలు టైపు చేసే ఇన్సర్ట్ మోడ్‌లోకి వెళ్లినా దిమ్మలాంటి కర్సర్ మారకపోతే ఏదో పాడైందని కంగారు పడనక్కరలేదు. ఆకారం మార్చే సంకేతాన్ని టెర్మినల్‌కు పంపమని విమ్‌కు మనమే చెప్పాలి. ఎస్కేప్, ఎడమ చదరపు బ్రాకెట్, 6, ఖాళీ, చిన్న క్యూ అనే వరుసను ఇన్సర్ట్‌కు, 6 బదులు 2 పెట్టి ఆదేశాలిచ్చే నార్మల్ మోడ్‌కు సెట్టింగుల ఫైల్‌లో రాయగానే ఇన్సర్ట్‌లో నాకు నిలువు గీత కనిపించింది. మధ్యలో టీమక్స్ (ఒకే టెర్మినల్‌ను పలు భాగాలుగా వాడుకోనిచ్చే ప్రోగ్రామ్) ఉంటే దానికీ ఈ సంగతి తెలపాలి.

తెలుగు దగ్గర మాత్రం చేతులెత్తేశాను. "లక్ష్మి" అనే పేరు కంటికి రెండక్షరాలే అయినా, ఒత్తులను విడి హల్లులుగా లెక్కించే విమ్ దానికి తెరపై నాలుగు అక్షరాల చోటు (గడులు) కేటాయిస్తుంది. అందుచేత నా టెర్మినల్‌లో కర్సర్ పేరు దాటి ఖాళీలో నిలబడుతుంది. రైతుల పేర్లను ఇప్పటికీ వేరే గ్రాఫికల్ ఎడిటర్‌లోనే దిద్దుతున్నాను. కాయల లెక్కకు మాత్రం విమ్‌ను వదలను.